షార్ట్‌స్టాప్ మట్టి

నేను జాలిపడే కోచ్‌ని కాను. ఆ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. షికాగో శివార్లలో, షామ్‌బర్గ్‌కి కాస్త అవతల, ఒక కమ్యూనిటీ కాలేజీలో లెక్కలు చెబుతూ, ఆ కాలేజీ బేస్‌బాల్ జట్టుని కొన్నేళ్ళు నడిపాను. ఆ కొన్నేళ్ళలో నా నోటికి జడిసి ఏడ్చినవాళ్ళున్నారు, ఆట మానేసినవాళ్ళున్నారు, పార్కింగ్ లాట్‌లో నా కారు మీద కోడిగుడ్లు కొట్టి పోయినవాళ్ళున్నారు. వాళ్ళెవరి మీదా నాకు కోపం లేదు. నా కోపమంతా మంచివాళ్ళ మీదే.

కమ్యూనిటీ కాలేజీ అంటే రెండేళ్ళ చదువు. పెద్ద యూనివర్సిటీ ఫీజు కట్టలేనివాళ్ళు, మార్కులు రానివాళ్ళు, ఇంటి దగ్గర ఎవరినో చూసుకోవలసినవాళ్ళు అక్కడ చేరతారు. ఆటగాళ్ళూ అంతే. హైస్కూల్లో ఏ పెద్ద కోచ్ కంటికీ ఆననివాడు మా దగ్గరికొస్తాడు. రెండేళ్ళు ఆడాక ఏదైనా నాలుగేళ్ళ యూనివర్సిటీ వాడు చూసి పిలిస్తే స్కాలర్‌షిప్ మీద వెళతాడు. పిలవకపోతే గోడౌన్‌లో పెట్టెలు మోస్తాడు. మధ్యేమార్గం ఉంటుందంటారు గానీ నేను చూడలేదు.

నేను ఈ ఆటలోకి ఇష్టపడి రాలేదు. ఎఫ్-1 వీసా మీద ఎం.ఎస్.కి వచ్చినప్పుడు క్యాంపస్‌లో పని వెతుక్కోవాలి కదా. లైబ్రరీలో హీటర్ పక్కన కూర్చునే పనులన్నీ సీనియర్లు తమ రూమ్మేట్లకి పంచుకున్నారు. నాకు యూనివర్సిటీ బేస్‌బాల్ గ్రౌండ్‌లో మట్టి గీకే పని మిగిలింది. గుంటూరులో కాలేజీ క్రికెట్ జట్టుకి వికెట్ కీపర్ని కాబట్టి బంతంటే బెరుకు లేదు. మట్టి గీకుతూ ఆట నేర్చుకున్నాను, తర్వాత స్కోరు రాశాను, ఆ తర్వాత ప్రాక్టీసులో బంతులేశాను. 2001లో కంపెనీలు వరసపెట్టి మనుషుల్ని బయటికి తోసినప్పుడు నాతో చదివినవాళ్ళు ఒకే అపార్ట్‌మెంట్‌లో కుప్పగా పడి రెజ్యూమేలు దిద్దుకుంటుంటే, నాకు ఈ కాలేజీలో లెక్కలు చెప్పే ఉద్యోగం దొరికింది. బేస్‌బాల్ జట్టుకి అసిస్టెంట్ కావాలంటే చేరాను. హెడ్ కోచ్ సీజన్ మధ్యలో వదిలేసి పోయాడు. ఆ కుర్చీ కోసం ఇంకెవరూ రాలేదు, అందుకని నన్ను కూర్చోబెట్టారు.

మనవాళ్ళకి ఇది పెద్ద వినోదం. నేపర్‌విల్‌లో ఎవరింటికి పుట్టినరోజు పార్టీకి వెళ్ళినా, పులిహోర పళ్ళెం చేతికివ్వక ముందే మొదలుపెట్టేవారు.

"కోచ్ గారూ, ఎం.ఎస్. చేసి బంతులేరుకోవడానికి స్పెషల్ కోర్సేమైనా ఉందాండీ?"

"అల్లుడేం చేస్తాడంటే మీ అత్తగారు ఏం చెబుతారండీ పాపం?"

మా ఆవిడ మొదట్లో వాళ్ళ మీద కోప్పడేది, తర్వాత నా మీద కోప్పడేది, చివరికి పార్టీలకి రావడం మానేసింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అన్నట్టు, ఓడిన మ్యాచుల కన్నా ఈ నవ్వులే నన్ను ఎక్కువ తినేసేవి. జట్టుని బాగుచేయాలన్న పట్టుదల ఆట మీద ప్రేమతో వచ్చిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. కసితో వచ్చింది.

నా చేతికొచ్చేసరికి జట్టు దిక్కుమాలి ఉంది. తొమ్మిదిమంది లేక మ్యాచులు వదులుకున్న రోజులున్నాయి. బంతి విసిరే పిచ్చర్, ఆటగాళ్ళు కూర్చునే డగౌట్‌లోనే సిగరెట్ కాల్చేవాడు. నేను చేరగానే సగం మందిని తీసేశాను. గేటు దగ్గర నిలబడి, లోపలికి రానివ్వకుండా, అందరి ముందూ మొహం మీదే చెప్పేవాణ్ణి. చలికాలంలో జిమ్‌లో సూర్యుడు రాకముందే పరిగెత్తించాను. నా లెక్కల క్లాసులో ఫెయిలైనవాణ్ణి బెంచి మీద కూర్చోబెట్టి, వాడి చేత మిగతావాళ్ళ బూట్లకంటిన మట్టి దులిపించాను. ఏడ్చేవాళ్ళు ఏడ్చారు. ఉన్నవాళ్ళు మాత్రం గెలవడం నేర్చుకున్నారు.

ఒక్క ఆచారం పెట్టాను, దాని గురించి మాత్రం గర్వంగా చెప్పుకుంటాను. ఎవరు నిలబడే చోటు మట్టి వాళ్ళదే. ప్రాక్టీసయ్యాక పిచ్చర్ తన దిబ్బని, ఫస్ట్ బేస్‌మన్ తన మూలని, ఎవరికి వాళ్ళు గోకాలి, రాళ్ళేరాలి, తడపాలి. రేపు ఆ మట్టి మీద బంతి పిచ్చిగా ఎగిరి మొహానికి తగిలితే నన్ను తిట్టడానికి వీల్లేదు. ఇది కాలేజీ మనుషులు చేయవలసిన పని కదా అని గొణిగారు. గొణిగినవాళ్ళకి ఇంకొకడి మట్టి కూడా అప్పగించాను.

తెలియనివాళ్ళ కోసం ఒక మాట. బేస్‌బాల్‌లో నేలబారుగా వచ్చే బంతిని ముందుగా ఎదుర్కొనేది, బంతి కొట్టినవాడు పరిగెత్తి అందుకోవలసిన బేసుల మధ్య మట్టిలో నిలబడేవాళ్ళు. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ నడుమ ఉండేవాడు షార్ట్‌స్టాప్. ఎక్కువ బంతులు వచ్చేదీ, గట్టిగా వచ్చేదీ అతని మీదికే. ఆ మట్టి క్రికెట్ పిచ్‌లా ఉండకూడదు. పైన వేలి మందాన గుల్లగా, అడుగున తడి పట్టి ఉండాలి. బూటు కింది మేకు దిగాలి. బంతి దాని మీద పడి నెమ్మదించి చేతిలోకి రావాలి.

మా షార్ట్‌స్టాప్ కొరియర్ గోడౌన్‌లో తెల్లవారకముందే పెట్టెలెక్కించి, అక్కణ్ణుంచి క్లాసుకొచ్చే కుర్రాడు. తల్లి స్కూల్ బస్సు నడిపేది. తండ్రి ఊసు ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ అడగలేదు. వచ్చిన కొత్తలో వాడికి బంతంటే భయం. చివరి క్షణంలో మొహం పక్కకి తిప్పేవాడు. ఆ తిప్పడం మానిపించడానికి నేను వాణ్ణి కంచెకి వీపు ఆనించి నిలబెట్టి, వెనక్కి తగ్గడానికి చోటు లేకుండా, దగ్గర నుంచి బంతులు కొట్టాను. ఛాతీ మీద కమిలిపోయేది. "మొహం తిప్పావంటే ఇంటికి పో, మీ అమ్మ బస్సులో కూర్చో" అనేవాణ్ణి. వాడు నన్ను అసహ్యించుకున్నాడు, ఆ సంగతి దాచలేదు కూడా. కానీ రెండో ఏడాదికి వాడి ఆట చూడాలి. బంతి వచ్చేదాకా ఆగడం లేదు, ముందుకి దూకి, అది రెండోసారి లేవకముందే అందుకుని, అదే ఊపులో విసిరేసేవాడు. నేను నేర్పింది మొహం తిప్పకపోవడమే. ముందుకి దూకడం వాడు సొంతంగా నేర్చుకున్నాడు.

వాడి మట్టిని వాడు చూసుకున్నంత శ్రద్ధగా ఇంకెవరూ చూసుకోలేదు. ప్రాక్టీసయ్యాక అందరూ వెళ్ళిపోయినా మోకాళ్ళ మీద కూర్చుని గులకరాళ్ళు ఏరి జేబులో వేసుకునేవాడు. ఆ మట్టిని పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో తాకితే విడిపోవాలి. అలా వచ్చేదాకా తడుపుతూనే ఉండేవాడు.

ఆ ఏడాది ఆటల డైరెక్టర్ నన్ను పిలిచి తలుపు వేశాడు. ఆయన మృదువుగా మాట్లాడే మనిషి. మనిషిని మెత్తగా కోసేవాళ్ళంతా అలాగే మాట్లాడతారు.

"మీరు గెలుస్తున్నారు, చాలా సంతోషం. కానీ గెలిస్తే బోర్డుకి సరిపోదు. ఈ సీజన్‌లో ఒక్కణ్ణైనా నాలుగేళ్ళ యూనివర్సిటీకి పంపించండి. లేకపోతే వచ్చే ఏడాది ఈ జట్టుని నేను కాపాడలేను."

పంపించగలిగినవాడు నాకు ఒక్కడే ఉన్నాడు. నేను అమెరికా దక్షిణాదిలో ఒక యూనివర్సిటీ కోచ్‌కి ఫోన్ల మీద ఫోన్లు చేసి, సిగ్గు విడిచి బతిమాలితే, ఆయన ఏప్రిల్‌లో ఒక శనివారం మా గ్రౌండ్‌కి వస్తానన్నాడు. ఆ ఒక్క రోజే, మళ్ళీ రావడం కుదరదన్నాడు. షార్ట్‌స్టాప్‌కి చెబితే వాడు "ఏం చూడ్డానికొస్తున్నాడు?" అని అడిగాడు. "నువ్వు ముందుకి దూకడం చూడ్డానికి" అన్నాను.

ఇక ఆ మంచివాళ్ళ సంగతి.

షామ్‌బర్గ్ చుట్టుపక్కల మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక వీకెండ్ క్రికెట్ జట్టు ఉండేది. దాని పెద్దని అందరూ ప్రెసిడెంట్ గారనే పిలిచేవారు. ఒక బ్యాంకులో ప్రాజెక్ట్ మేనేజరు, మా గుంటూరు వైపు మనిషి, నన్ను తమ్ముడూ అనేవారు. పార్టీల్లో నా మీద అందరికన్నా పెద్దగా నవ్వేది కూడా ఆయనే. ఆదివారాలు మా గ్రౌండ్ అవతలి గడ్డిలో క్రికెట్ ఆడుకోనివ్వమని నన్ను రెండేళ్ళుగా పీక్కుతింటున్నారు. కుదరదన్నాను. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. నా దగ్గర పని జరగకపోయేసరికి సమోసాల డబ్బా పట్టుకుని నేరుగా డైరెక్టర్ దగ్గరికి వెళ్ళారు. మేము కమ్యూనిటీకి సేవ చేద్దామనుకుంటున్నాం, మీ గ్రౌండ్ బాగుచేసి పెడతాం, అన్నారు. ఖర్చులేని కూలి అంటే డైరెక్టర్‌కి ప్రాణం. నాకొక్క మాట చెప్పకుండా గేటు కోడ్ వాళ్ళకి ఇచ్చేశాడు.

యూనివర్సిటీ కోచ్ వచ్చే ముందు రోజు, శుక్రవారం, మేము వేరే ఊళ్ళో మ్యాచ్‌కి వెళ్ళాం. బయల్దేరేముందు షార్ట్‌స్టాప్ తన మట్టిని తడిపి, పైన టార్పాలిన్ కప్పి, నాలుగు మూలలా ఇసుక బస్తాలు పెట్టి వచ్చాడు. వ్యాన్‌లో దారి పొడుగునా వేలి గోళ్ళలో మట్టి తీసుకుంటూ కూర్చున్నాడు.

శనివారం ఉదయం నేను గేటు తీసేసరికి టార్పాలిన్ మడతపెట్టి, బుద్ధిగా కంచె పక్కన ఉంది. మట్టి మెరుస్తోంది. పిచ్చర్ దిబ్బ తప్ప బేసుల మధ్య నేలంతా, అలికి ఎండబెట్టిన కళ్ళంలా, ఒక్క గీత లేకుండా చదునుగా ఉంది. బూటు కాలితో తన్నాను. మడమ నొప్పి పుట్టింది గానీ నేల మీద గీత పడలేదు. వీళ్ళు సొంత ఖర్చుతో పెద్ద రోలర్ అద్దెకి తెచ్చి, చిన్నప్పుడు స్కూలు గ్రౌండ్‌లో పిచ్ తయారుచేసినట్టు తయారుచేశారు. నాకు ఏడుపు రాలేదు. ఎవరినైనా కొట్టాలనిపించింది.

కొట్టడానికి మనుషులు కూడా వచ్చారు. ప్రెసిడెంట్ గారు, ఇద్దరు ముగ్గురు జట్టువాళ్ళు, మడత కుర్చీలు, ఫ్లాస్కులో టీ. నా మొహంలో సంతోషం చూడాలని వచ్చారట.

"ఎలా ఉంది తమ్ముడూ సర్‌ప్రైజ్? మన ఇన్నాళ్ళ గొడవలు మర్చిపో. ఇంటర్నేషనల్ లెవెల్లో చేశాం చూడు."

"మస్తు గట్టిగైందన్నా," అన్నాడు పక్కనున్న వరంగల్ కుర్రాడు. "నీళ్ళు గొట్టినం, రోలర్ దిప్పినం, మళ్ళ నీళ్ళు గొట్టి మళ్ళ దిప్పినం. ఆఫీస్‌కి లీవ్ పెట్టి జేసినం తెల్సా."

"ఎవరు చెప్పారు మీకు గట్టిగా ఉండాలని?"

"ఎవరన్నా చెప్పాలా తమ్ముడూ? గ్రౌండంటే గట్టిగా ఉండాలిగా."

వాళ్ళని ఏం తిట్టానో ఇక్కడ రాయలేను. తెలుగులో తిట్టడం వల్ల అప్పుడే అక్కడికొచ్చిన డైరెక్టర్‌కి అర్థం కాలేదు, అంతవరకే నయం. మేకుల పలకని బండికి కట్టి ఆ నేల మీద లాగించాం. తెల్లటి గీతలు పడ్డాయి. నీళ్ళు పెడితే పైపైన జారుడు పట్టి నిలిచాయి. ఆ నేలని మళ్ళీ గుల్ల చేయాలంటే తవ్వి, నానబెట్టి, రోజులు ఆగాలి. అవతలి జట్టు బస్సు అప్పటికే వచ్చేసింది. యూనివర్సిటీ కోచ్ కాఫీ కప్పు పట్టుకుని, చూసేవాళ్ళకి బంతి తగలకుండా కట్టిన వల వెనక కుర్చీలో కూర్చున్నాడు.

మ్యాచ్ రద్దు చేయమని డైరెక్టర్ని అడిగాను. ఆయన చుట్టూ చూసి, "ఈ గ్రౌండ్ ఇంత అందంగా ఎప్పుడూ లేదు" అన్నాడు. అంపైర్ నడిచి చూసి, గుంటలేవీ లేవు, ఆడొచ్చు అన్నాడు.

షార్ట్‌స్టాప్ తన చోటికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అరచేత్తో నేలని రాశాడు. పిడికిట్లోకి తీసుకోవడానికి మట్టి రాలేదు.

"ఎవరు చేశారు కోచ్?"

"మా వాళ్ళు" అన్నాను.

"ఎందుకు?"

"సాయం చేద్దామని."

వాడు తల ఊపాడు. నన్ను తిడితే బాగుండేది. "నువ్వు ఈ రోజు గడ్డి అంచుదాకా వెనక్కి జరిగి ఆడు, బంతి వేగం తగ్గాక అందుకో" అని చెప్పాను. వాడు ఒప్పుకోలేదు.

"ఆయన నేను ముందుకి రావడం చూడ్డానికి వచ్చాడన్నారుగా. వెనక నిలబడితే వెనక నిలబడే షార్ట్‌స్టాప్ అనుకుంటాడు. అలాంటివాళ్ళు వాళ్ళ ఊళ్ళో చాలామంది ఉంటారు."

వాడు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. నేను వాడి స్థానంలో ఉన్నా అదే అనేవాణ్ణి.

మొదటి బంతి మామూలుగా ఐతే వాడు కళ్ళు మూసుకుని పట్టే బంతి. వాడు ముందుకి దూకాడు. బూటు మేకులు నేలలో దిగలేదు, కాలు జారింది, బంతి నీటి మీద పెంకు జారినట్టు వాడి చేతి కిందనుంచి పోయింది. రెండోది మణికట్టుకి తగిలి పక్కకి ఎగిరింది. వల వెనక ఆయన కాఫీ తాగుతున్నాడు. అవతలి జట్టు కోచ్ తెలివైనవాడు, ఒక్కసారి నేలని చూసి తన కుర్రాళ్ళందరినీ గడ్డిదాకా వెనక్కి పంపేశాడు. వాళ్ళ షార్ట్‌స్టాప్ మా వాడిలో సగం ఆటగాడు కూడా కాదు. వెనక తీరిగ్గా నిలబడి, వచ్చిన ప్రతి బంతినీ పూలు ఏరుకున్నట్టు ఏరుకున్నాడు.

ఎండ ఎక్కేకొద్దీ నేల మీద పొర బూట్ల తొక్కిడికి పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. ఇక బంతి ఎటు పోతుందో దేవుడికి కూడా తెలియదు. నేను వాణ్ణి మార్చేద్దామని డగౌట్ మెట్టు దాకా వచ్చాను. వాడు నావైపు చూసి చెయ్యి అడ్డంగా ఊపాడు. ఆ వెంటనే బంతి వాడి మీదికి గట్టిగా వచ్చింది. వాడు దూకాడు, అది ఒక పెళ్ళ అంచుకి తగిలి, తిన్నగా లేచి, నోటి మీద కొట్టింది. చప్పుడు అందరికీ వినిపించింది. వాడు మొహం తిప్పలేదు. అది నేను నేర్పిన విద్య.

కింద పడలేదు కూడా. కాళ్ళ దగ్గర పడిన బంతి తీసి ఫస్ట్ బేస్‌కి విసిరాడు. కొట్టినవాడు అక్కడికి చేరకముందే బంతి చేరింది, వాడు ఔటయ్యాడు. అప్పుడు మా షార్ట్‌స్టాప్ వంగి, రక్తంతో పాటు రెండు పళ్ళు తన మట్టిలో ఉమ్మాడు. వాటిని తీసి, గులకరాళ్ళని వేసుకున్నట్టే జేబులో వేసుకున్నాడు.

ఆట చూడ్డానికొచ్చిన వాడి తల్లి కంచె దూకి వచ్చింది. శనివారం కూడా ఏదో స్కూలు ట్రిప్పు దింపి వచ్చినట్టుంది, బస్సు డ్రైవర్ యూనిఫాం మీదే ఉంది. నా పక్కనుంచే వెళ్ళింది, నావైపు చూడలేదు.

మడత కుర్చీల్లోంచి ప్రెసిడెంట్ గారు లేచారు.

"అయ్యయ్యో. హెల్మెట్ పెట్టించాల్సింది తమ్ముడూ."

వాణ్ణి హాస్పిటల్‌కి తీసుకెళ్ళాక, మ్యాచ్ ముగిశాక, నేను యూనివర్సిటీ కోచ్ దగ్గరికి పరిగెత్తాను. నేల సంగతి చెప్పాను. నిన్న మేము లేనప్పుడు ఎవరో రోలర్ తిప్పారని, మామూలుగా ఈ మట్టి ఇలా ఉండదని, ఇంకొక్కసారి వచ్చి చూడమని అడిగాను. బతిమాలాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"ధైర్యం ఉంది కుర్రాడికి. కానీ చేతులు మెత్తగా లేవు. బంతి ఆగడం లేదు."

"నేల వల్లండీ."

"రెండు జట్లూ ఒకే మట్టి మీద ఆడాయి కదా కోచ్," అన్నాడు.

ఆయన వెళుతూ వెళుతూ అవతలి జట్టు షార్ట్‌స్టాప్ దగ్గర ఆగి, చేయి కలిపి, ఫోన్ నంబర్ తీసుకున్నాడు. ఆ కుర్రాడు ఆ ఏడాది దక్షిణాదికి వెళ్ళాడు.

తర్వాతి వారం నేపర్‌విల్‌లో ఒక ఇంట్లో ప్రెసిడెంట్ గారు ఎదురయ్యారు. ఆయన మొహం నిజంగానే చిన్నబోయి ఉంది. "మేము మంచికే చేశాం తమ్ముడూ" అన్నారు. నేను అందరి ముందూ చెప్పాను, ఆ కుర్రాడి బతుకు మీద మీరు రోలర్ తిప్పారని, వాడికి ఇక రెండో అవకాశం లేదని. ఆయన తల ఊపి అన్నారు.

"తప్పే. కానీ నిజం చెప్పు, గ్రౌండ్ మాత్రం అద్దంలా వచ్చిందా లేదా?"

ఇద్దరు నవ్వు ఆపుకోలేకపోయారు. కాసేపటికి మిగతావాళ్ళూ నవ్వారు.

అంతటితో అయిపోలేదు. మనవాళ్ళకి జాలి కలిగితే ఊరుకోరు కదా. ఆడవాళ్ళంతా కలిసి ఆ కుర్రాడికి ఒక పెద్ద స్టీలు డబ్బా నిండా తినుబండారాలు పంపించారు. జంతికలు. ముందు పళ్ళు రెండూ ఊడి, దవడకి కట్టుతో, గొట్టంతో సూపు తాగుతున్నవాడికి జంతికలు. అది పట్టుకెళ్ళి ఇవ్వవలసినవాణ్ణి నేనే. తల్లి తలుపు దగ్గరే డబ్బా అందుకుని, మూత తీసి చూసి, "థాంక్యూ" అంది. డబ్బా తిరిగి ఇవ్వాలా అని అడిగింది. అక్కర్లేదన్నాను. లోపల సోఫాలో వాడు టీవీ చూస్తున్నాడు, నా గొంతు విని కూడా తల తిప్పలేదు.

డైరెక్టర్ తన మాట నిలబెట్టుకున్నాడు. ఎవర్నీ పంపలేకపోయాం కాబట్టి మరుసటి ఏడాది జట్టుని ఎత్తేశారు. నేను లెక్కలు చెప్పుకుంటూ ఉండిపోయాను. మా ఆవిడ మళ్ళీ పార్టీలకి రావడం మొదలుపెట్టింది. కోచ్ గారూ అని పిలిచేవాళ్ళు లేకపోయేసరికి నాకే వెలితిగా ఉండేది. ఖాళీ గ్రౌండ్‌లో బేసుల మధ్య పిచ్చిగడ్డి మొలిచింది. అటువైపు కారు పార్క్ చేయడం మానేశాను.

కొన్నాళ్ళకి కాలేజీ ఆ స్థలాన్ని ప్రెసిడెంట్ గారి క్రికెట్ జట్టుకి అద్దెకిచ్చింది. పాత బేసులు పీకేసి, షార్ట్‌స్టాప్ నిలబడే చోటు మీదుగా పిచ్ పోశారు. ప్రారంభోత్సవానికి నన్నే కొబ్బరికాయ కొట్టమని ప్రెసిడెంట్ గారు ఇంటికొచ్చి బొట్టు పెట్టినంత పని చేశారు. "పాత కోపాలన్నీ ఈ రోజుతో సరి తమ్ముడూ, ఈ గ్రౌండ్‌కి నువ్వే పెద్దమనిషివి" అన్నారు. రానని రెండుసార్లు చెప్పాను. డైరెక్టర్ కూడా రమ్మన్నాడు. చివరికి వెళ్ళాను. వాళ్ళని చూడ్డానికి కాదు, ఆ మట్టిని చూడ్డానికి వెళ్ళాను.

షామియానా, పట్టుచీరలు, ఇడ్లీ ట్రేలు. పిచ్ మీద కాలేజీ వాళ్ళ కొత్త రోలర్ ఒకటి మెల్లగా తిరుగుతోంది. నడిపేవాడు కాలేజీ గ్రౌండ్ సిబ్బంది వేసుకునే ఆకుపచ్చ చొక్కాలో ఉన్నాడు. నా దగ్గరికొచ్చేసరికి ఇంజన్ ఆపి దిగాడు. టోపీ తీసేదాకా గుర్తుపట్టలేదు. ఒళ్ళు వచ్చింది. ముందు పళ్ళు రెండూ మిగతావాటికన్నా తెల్లగా ఉన్నాయి.

"గోడౌన్ మానేశాను కోచ్. ఇక్కడ ఇన్సూరెన్స్ ఇస్తారు" అన్నాడు. అమ్మ బాగుందా అని అడిగితే, ఇంకా బస్సు నడుపుతోందన్నాడు. తర్వాత మడమతో నేలని తొక్కి చూపించాడు.

"వీళ్ళ ఆటకి బాగా గట్టిగా ఉండాలటగా. ఎంత గట్టిగానో ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు. మీరు చూడండి. ఇది సరిపోతుందా?"

వాడి మొహంలో వెటకారం కోసం వెతికాను. వెటకారం ఉంటే నాకు తేలికగా ఉండేది. వాడు తన పని సరిగ్గా చేశాడా లేదా అని నిజంగానే అడుగుతున్నాడు. ఆ చోట వంగి రాళ్ళేరినప్పుడు ఎలా అడిగేవాడో అలాగే అడిగాడు.

"సరిపోతుంది" అన్నాను.

"ఇంకోసారి తిప్పుతాను" అని మళ్ళీ ఎక్కాడు.

ప్రెసిడెంట్ గారు నా పేరు మైకులో పిలిచారు. కొబ్బరికాయ చేతికిచ్చారు. దేని మీద కొట్టాలి, రాయేదైనా తెమ్మన్నాను.

"రాయెందుకు తమ్ముడూ, మన పిచ్ ఉండగా. దాని మీదే కొట్టు."

కొట్టాను. ఒక్క దెబ్బకే రెండు చెక్కలైంది. అందరూ చప్పట్లు కొట్టారు. రోలర్ ఆపి, వాడూ కొట్టాడు.